ముందు వీపు, ఆ తర్వాతే జీను

రాంగోపాల్‌పేట్‌లో మా ఇంటికి దారి చెప్పాలంటే ఒకప్పుడు జేమ్స్ స్ట్రీట్ పోలీస్ స్టేషన్ గుర్తు చెప్పేవాళ్లం. దివాన్ బహదూర్ రాంగోపాల్ కట్టించిన భవనం అది, మా పేటకు పేరు కూడా ఆయనదే. దాని వెనక గల్లీల్లో ఒకదాంట్లో మా నాన్న జీన్లు కుట్టేవాడు. కంటోన్మెంట్‌లో గుర్రాలు పోయి జీపులొచ్చాక సూట్‌కేసులు, స్కూలు బ్యాగులు, బెల్టులు చేతికొచ్చాయి. నేనూ ఆ పనిలోనే పండిపోయాను. అయినా ఏడాదికి నాలుగైదు జీన్లు మా గడప తొక్కుతూనే ఉంటాయి. ఒకటి మలక్‌పేట రేసుకోర్సు వైపు నుంచి వస్తుంది, ఇంకొకటి ఊరి చివర రైడింగ్ స్కూలు నుంచి.

మొన్నామధ్య కాలేజీ చదివే అమ్మాయి ఒకతె వచ్చింది. ఇరవై వేలు కూడబెట్టుకుందట. ఫోన్లో తొమ్మిది ఇంగ్లిష్ జీన్ల ఫొటోలు వరసగా చూపించి, "ఏది కొనమంటారు తాతా?" అంది.

"గుర్రం ఫొటో చూపించు బిడ్డా."

అది లేదు. ఆ పూట తనకు చెప్పినవీ, తొందరలో చెప్పడం మరిచినవీ ఇక్కడ రాస్తున్నాను.

1. తీగతో మొదలుపెట్టండి

రాణీగంజ్‌లో ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా మెత్తటి అల్యూమినియం తీగ దొరుకుతుంది. చేత్తో వంచితే వంగాలి, వదిలితే ఆ వంపులోనే నిలవాలి. ఒక గజం చాలు. గుర్రాన్ని చదునైన నేల మీద నాలుగు కాళ్లూ సమంగా ఉండేట్టు నిలబెట్టి, భుజం ఎముక వెనక రెండు మూడు వేళ్లు వదిలి, మూపు మీదుగా తీగను అటూ ఇటూ దిగేసి వీపుకు అంటేలా నొక్కండి. జాగ్రత్తగా ఎత్తి అట్ట మీద పెట్టి లోపలి గీత గీయండి. జానెడు వెనక్కి ఇంకో గీత, జీను వెనక అంచు వచ్చే చోట మరొకటి. నాలుగోది నిలువుగా, మూపు నుంచి నడుము దాకా వెన్ను పొడుగునా. అట్ట కత్తిరిస్తే మీ గుర్రం వీపు మీ సంచిలో పడ్డట్టే. దుకాణంలో జీను తిరగేసి ఆ అట్టను లోపల పెట్టి చూడవచ్చు. అట్ట మీద తేదీ వేయడం మరవకండి. ఎందుకో అయిదో పాఠంలో చెబుతాను.

నారో, మీడియం, వైడ్ అని జీను మీద రాసిన మాటలను నమ్ముకోవద్దు. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీకి వైడ్. చెప్పుల నంబర్ల సంగతి తెలియనిదా!

2. తోలు కాదు, లోపలి కొయ్య

జీను లోపల ఒక చట్టం ఉంటుంది. దాన్ని ట్రీ అంటారు, మా నాన్న "లోపలి కొయ్య" అనేవాడు. మంచి ఇంగ్లిష్ జీన్లలో బీచ్ చెక్క పలకలను పొరలు పొరలుగా అతికించి, ముందు వంపుకు ఉక్కు బద్ద బిగించి, కూర్చునే చోట పొడుగునా రెండు ఉక్కు స్ప్రింగులు వేస్తారు. రౌతు బరువు వెన్నెముక మీద పడకుండా రెండు పక్కల కండల మీదకి పంచేది ఇదే. తోలు చిరిగితే కుడతాం, ఉన్ని పోతే నింపుతాం. కొయ్య విరిగిన జీనుకు మాత్రం నా దగ్గర మందు లేదు.

ఈ పాఠం నాకు ఉచితంగా రాలేదు. ఇరవై రెండేళ్ల వయసులో, నాన్న ఊళ్లో లేనప్పుడు, ఒక వేలంలో జీను కొన్నాను. ఎక్కడన్నది ఇప్పుడు అనవసరం. రెండు నెలల సంపాదన పోశాను. అద్దంలా మెరిసింది మరి! తెలిసిన ఒకాయన గుర్రానికి మూడు వారాలు వాడనిచ్చాను. నాన్న వచ్చి దాని ముందు వంపును తొడకు ఆనించి, వెనక అంచు రెండు చేతులా పట్టి తనవైపు లాగాడు. స్ప్రింగు కొయ్య అయితే కొంచెం వంగి, వదలగానే వెనక్కి రావాలి. నాది కిర్రుమని నడుమ మడత పడింది. తర్వాత ముందు కొసలు రెండూ పట్టి లోపలికి నొక్కాడు, బయటికి లాగాడు. అక్కడ అస్సలు కదలకూడదు, కటుక్కుమనకూడదు. అదీ కదిలింది. ఆఖరికి జీనును వెనక నుంచి ఒక కన్ను మూసి చూశాడు. ముందు వంపు నడిమీ వెనక అంచు నడిమీ ఒకే గీతలో లేవు.

నన్ను ఒక్క మాట అనలేదు. జీను తీసుకెళ్లి గోడకు తగిలించాడు. ఆ గుర్రం మూపు మీద పుండు మానింది కానీ, ఆ చోట నల్లటి వెంట్రుకల మధ్య రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ వచ్చింది. ఒత్తిడికి వెంట్రుక మూలంలో రంగునిచ్చే కణాలు చచ్చిపోతే అక్కడ తెల్లగానే మొలుస్తుంది. ఎప్పటికీ.

3. బట్ట వేయకుండా జీను వేసి చూడండి

ఇది నాకు నేర్పింది గుర్రాలను చూసుకునే ఒక ముసలి సాయీసు. మేమంతా చాచా అనేవాళ్లం. ఆయన చేతికి కొలబద్దతో పనిలేదు, వేళ్లే కొలత.

జీనును మూపు మీద కొంచెం ముందుగా పెట్టి వెనక్కి జరిపితే అది ఒకచోట తనంతట తనే ఆగుతుంది. అదే దాని చోటు. అప్పుడు ముందు వంపుకూ మూపుకూ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. రౌతు ఎక్కాక కూడా ఆ సందు మిగలాలి. చాలామంది నేల మీద నిలబడే చూసి వదిలేస్తారు, మోసం జరిగేది అక్కడే. జీను అడుగున రెండు దిండ్ల మధ్య కాలువ ముందు నుంచి వెనక దాకా మూడు నాలుగు వేళ్ల వెడల్పు ఉండాలి. వెనక నుంచి చూస్తే వెన్ను మీదుగా వెలుతురు కనబడాలి.

ఇక అరచెయ్యి. ముందు నుంచి వెనక్కి దిండు కిందుగా పోనివ్వండి. ముందూ వెనకా బిగిసి, నడుమ చెయ్యి వదులుగా ఆడితే ఆ జీను వీపు మీద వంతెన కట్టినట్టు కూర్చుంది. బరువంతా నాలుగు చోట్ల గుచ్చుకుంటుంది. నడుమ ఆనుకుని ముందూ వెనకా ఉయ్యాల ఊగుతుంటే అదీ పనికిరాదు. జీను భుజం ఎముక మీదికి రాకూడదు. గుర్రానికి పక్కకు పద్దెనిమిది పక్కటెముకలు. డొక్క దగ్గర చివరిదాన్ని తడిమి పట్టుకుని వీపు దాకా వేలు పోనివ్వండి. జీను దిండు ఆ గీత దాటకూడదు, అటుపక్క నడుముకు బరువు మోసే ఆసరా లేదు.

4. నమ్దా మందు కాదు

జీను కింద వేసే మెత్తను ఇంగ్లిష్‌వాళ్లు నమ్‌నా అంటారు. అది మన నమ్దాయే, ఇక్కడి నుంచి పట్టుకెళ్లిన మాట. మాట పట్టుకెళ్లారు సరే, దాన్ని సర్వరోగ నివారిణి చేసింది మాత్రం మనవాళ్లే. జీను ఇరుకైతే ఒక నమ్దా, ఇంకా ఇరుకైతే దాని మీద మరొకటి! బిగుతు చెప్పులో రెండో సాక్సు తొడిగితే కాలు సుఖపడుతుందా?

5. వీపు ఏడాది పొడుగునా ఒకలా ఉండదు

సికింద్రాబాద్ పేరుతో ఒక అశ్వికదళ బ్రిగేడ్ మొదటి ప్రపంచ యుద్ధానికి ఫ్రాన్స్ వెళ్లింది. అందులోని 20వ డెక్కన్ హార్స్ 1916 జూలై 14న సోమ్ యుద్ధంలో, హై వుడ్ దగ్గర, బల్లేలు పట్టుకుని గుర్రాల మీద దూసుకెళ్లింది. మా చిన్నప్పుడు కంటోన్మెంట్ ముసలివాళ్లు ఆ పేరు తలిస్తే ఛాతీ పొంగేది. నాకు మాత్రం దాని వెనకున్న జీను కథే ఇష్టం. దండు కదిలితే గుర్రం చిక్కుతుంది. చిక్కితే బయల్దేరిన నాడు సరిపోయిన జీను నెల తిరక్కముందే వెన్ను మీద కూలబడుతుంది. శత్రువు తుపాకీ అక్కర్లేదు, వీపు పుండ్లే సగం దండును నడిపించి తీసుకెళతాయి. అందుకే బ్రిటిష్ సైన్యం 1912 నమూనా యూనివర్సల్ జీనులో పక్క పలకలు వీపు వాలును బట్టి తమంతట తామే తిరిగేలా చేసింది, కింద కంబళి మడతలతో సర్దుకునేది. పై అధికారులకు సైతం సాయీసు బాధ అర్థమైన అరుదైన సందర్భం.

ఇప్పుడు మన రైడింగ్ స్కూళ్లలో చాలా గుర్రాలు రేసులు మానిన థరోబ్రెడ్లే. మూపు ఎత్తు, దాని పక్కన కండ పల్చన. రేసులో అవి మోసింది చేతిలో ఇమిడే జీను. ఆర్నెల్లు మంచి దానా, సరైన పని పడితే వీపు నిండుతుంది, పాత అట్ట పనికిరాదు. కాబట్టి సరిదిద్దుకునే వీలున్న జీనే కొనండి. దిండ్లలో ఉన్ని నింపినదైతే నాలాంటివాడు రంధ్రంలోంచి ఇనప కమ్మీతో కాస్త తీయగలడు, కాస్త కూరగలడు. ఫోమ్ వేసినదైతే అది పుట్టినట్టే ఉంటుంది. వింటెక్ లాంటి సింథటిక్ జీన్లలో ముందు ఉక్కు వంపును విప్పి వేరే సైజుది బిగించుకోవచ్చు. వానలకూ చెమటకూ చెడవు. తోలు పనివాణ్ని ఈ మాట అంటే మా నాన్న ఒప్పుకోడు గానీ, చేతిలో తక్కువ డబ్బుండి గుర్రం వీపు ఇంకా మారుతున్నప్పుడు అది తప్పు ఎంపిక కాదు.

6. మీ కూర్చునే చోటు

అంకె అంగుళాల్లో ఉంటుంది: పదహారు, పదిహేడు, పదిహేడున్నర. ముందు పక్కనున్న మేకు నుంచి వెనక అంచు నడిమి దాకా కొలుస్తారు. కూర్చుంటే వెనక నాలుగు వేళ్ల చోటు మిగలాలి, మోకాలు జీను పక్కన వేలాడే రెక్క దాటి ముందుకు పోకూడదు. గెంతించే జీనుకు రెక్క ముందుకు, డ్రెస్సాజ్ జీనుకు నిలువుగా. నేర్చుకునేవాళ్లకు రెండింటి మధ్య ఉండే ఆల్ పర్పస్ చాలు.

7. తోలు, కుట్టు

తోలును వాసన చూడండి. పూర్వం మన వైపు తోళ్లను తంగేడు బెరడుతోనూ కరక్కాయతోనూ పదును చేసేవారు. బతుకమ్మలో పెట్టే ఆ తంగేడే. అలా ఊనిన తోలు మడిస్తే చిన్న ముడతలు పడి సర్దుకుంటుంది. చవకది మడిస్తే అట్టలా చిట్లుతుంది, రంగు వేలికంటుతుంది. కుట్టు మైనం దారంతో రెండు సూదులు ఎదురెదురు పోనిచ్చి వేసినదైతే ఒక పోగు తెగినా రెండోది పట్టుకుంటుంది. మిషన్ కుట్టు ఒకచోట ఊడితే వరసగా ఊడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా, జీనును పొట్ట కింద బిగించే తంగు పట్టీలు చూడండి. పక్కకు మూడుంటాయి. మొదటిది విడిగా ఒక బలమైన నాడాకు కుట్టి ఉంటుంది, రెండూ మూడూ కలిసి ఇంకో నాడాకు. తంగు బిగించేటప్పుడు మొదటిదీ రెండోదీ, లేదా మొదటిదీ మూడోదీ వాడాలి. రెండూ మూడూ వాడితే మీ ప్రాణం ఒకే నాడా మీద ఉన్నట్టు. ఈ ముక్క తెలియని రైడింగ్ మాస్టర్లను నేను చూశాను.

8. పైసలు ఎక్కడ తగ్గించాలి

కాన్పూర్‌లో 1860ల నుంచి సైన్యానికి జీన్లు కుడుతున్నారు. ఇవాళ అక్కడి జీనుకు భౌగోళిక గుర్తింపు ఉంది, విదేశాలకు ఓడలెక్కుతోంది. అక్కడివాటిలో మంచివీ ఉన్నాయి, ఫొటో కోసం చేసినవీ ఉన్నాయి. ఊరి పేరు చూసి కొనకండి, రెండో పాఠంలో చెప్పినట్టు లాగి చూసి కొనండి.

రంగు, మెరుపు, పేరు, కొత్తదనం, వీటిలో తగ్గించుకోవచ్చు. కొయ్యలో వద్దు. కొత్త చవక జీను కన్నా కొయ్య గట్టిగా ఉన్న పాత జీను మేలు. తెచ్చిన డబ్బంతా దాని మీదే పోయకుండా నాలుగో వంతు పక్కన పెట్టండి. ఉన్ని మార్చాలి, పట్టీలు మార్చాలి. అమ్మేవాణ్ని ఒకటే అడగండి: "రెండు రోజులు గుర్రం మీద వేసి చూసి తెచ్చిస్తాను, ఇస్తారా?" కాదన్నవాడి దగ్గర టీ తాగి వచ్చేయండి.

9. చెమట అచ్చు

అరగంట స్వారీ చేసి జీను దించి చూడండి. రెండు పక్కలా చెమట సమంగా, నడుమ వెన్ను పొడిగా ఉంటే సరే. తడి మధ్యలో అరచేతంత పొడి మచ్చ ఉంటే అక్కడ ఒత్తిడి ఎక్కువై చెమటే పట్టలేదన్నమాట. వీపుకు రెండు పక్కలా వేళ్లతో నొక్కుతూ పొండి, గుర్రం నడుము కిందికి జారవిడిస్తే నొప్పి. తంగు బిగించేటప్పుడు చెవులు వెనక్కి పడేసి కరవబోయే గుర్రాన్ని అందరూ పొగరుబోతు అంటారు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని సామెత చెప్పి కొరడా తీస్తారు. అలా మూడు కాళ్ల మీద నడిచినవాటిలో కొన్ని జీను మార్చాక నాలుగు కాళ్లూ వేయడం నేను చూశాను. పుండు కనిపిస్తే మాత్రం నన్ను కాదు, పశువైద్యుణ్ని పిలవండి.

10. వానాకాలం

బూజు పడితే ఎండలో పెట్టకండి, తోలు బిగుసుకుపోతుంది. తడిగుడ్డ, గ్లిజరిన్ సబ్బు, నీడ. నూనె కొంచెమే.

ఆ అమ్మాయి వారం తర్వాత మూడు అట్టలూ నిలువుదొకటీ కత్తిరించి తెచ్చింది. తొమ్మిది ఫొటోల్లో ఏడు అక్కడే రాలిపోయాయి, ఎనిమిదోది కొయ్య దగ్గర పోయింది. తొమ్మిదోది చూడ్డానికి అధ్వాన్నం, సీటు దగ్గర ఎవరిదో పిల్లి గీరిన గుర్తులు. పన్నెండు వేలకు ఇచ్చారు. నేను దిండ్లు విప్పితే లోపల ఉన్ని ఉండలు కట్టి చింతకాయల్లా రాలింది. కొత్త ఉన్నితో నింపి పట్టీలు మార్చాను.

తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు గోడ మీదున్న నా వేలం జీనును చూసి, "అదేంటి తాతా, దీనికన్నా అదే బాగుంది" అంది. కథ చెప్పాను. మా మనవడు ఇదంతా వింటూ దాన్ని దించి సోఫా చేతి మీద వేసి ఎక్కి కూర్చున్నాడు. అలవాటు కొద్దీ లేచి వెళ్లి చెయ్యి పోనిచ్చాను. ముందు మూడు వేళ్ల సందు, దిండ్లు చివరి దాకా సమంగా ఆనుకున్నాయి. ఇన్నేళ్లకు దానికి సరిపోయే వీపు దొరికింది.