నోటిలోని పాచి

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మాట సంగతి తెలుగు శాఖవారు చూసుకుంటారు గనుక, నేను నోటి లోపలి ఊరిని గురించి రాస్తాను. ఆ ఊరి జనాభా తక్కువేమీ కాదు. మనుషుల నోళ్ళలో ఇంతవరకు గుర్తించిన సూక్ష్మజీవుల జాతులే 700 దాటాయి.

మాది ఇందుకూరుపేట. పంటకాలవలో రాళ్ళమీద జారుతుండే పొరను పాచి అంటాం. పొద్దున లేచేసరికి పళ్ళమీద ఉండేదీ పాచే. ఆ పేరు పెట్టినవారెవరో గాని మైక్రోస్కోపు లేకుండానే సగం సైన్సు చెప్పేశారు. రెండూ జీవుల పొరలే. నీళ్ళకు పోవు, గీకితేనే పోతాయి. అందుకే పుక్కిలించినంత మాత్రాన పళ్ళు తోమినట్టు కాదు. 1683లో హాలండులోని డెల్ఫ్ట్ పట్టణంలో లీవెన్‌హుక్ తన పంటిపాచిని తానే కటకంకింద చూసి, అందులో కదిలే జీవులున్నాయని లండన్ రాయల్ సొసైటీకి జాబు రాశాడు.

ఈ జీవుల్లో స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ ముఖ్యమైనది. 1924లో క్లార్క్ దీన్ని పుచ్చిన పళ్ళనుంచి వేరుచేశాడు. మనం తిన్న చక్కెరతో ఇది రెండు పనులు చేస్తుంది. పంటికి అంటుకునేందుకు జిగురు తయారుచేసుకుంటుంది, లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతుంది. పాలు పెరుగయ్యేటప్పుడు పుట్టే ఆమ్లమే ఇదీను! పిహెచ్ సుమారు 5.5 కంటె దిగితే పింగాణీ పొర కరగటం మొదలవుతుంది. లాలాజలం మెల్లగా సర్దుతుంది గాని దానికి వ్యవధి కావాలి. కనుక ఒక్కసారే నాలుగు లడ్లు తిన్నవాడికంటె, పూటంతా బెల్లంముక్క చప్పరించేవాడి పళ్ళకే చేటు ఎక్కువ. గంటకో టీ తాగే హాస్టలు మిత్రులు గమనించగలరు.

పాచి గట్టిపడితే గార. దాని అడుగున, చిగురు సందులో, గాలి తగలనిచోట పార్ఫిరోమోనాస్ జింజివాలిస్ వంటివి చేరి చిగుళ్ళను వాచేట్టు చేస్తాయి. ఎముక అరిగి పన్ను కదులుతుంది. నోటి స్ట్రెప్టోకాకస్‌లు కొన్ని నెత్తురులోకి దిగి, దెబ్బతిన్న గుండె కవాటాలమీద కాపురం పెట్టటమూ ఉంది.

అయితే పంటిమీది ప్రతి మచ్చా క్రిముల పని కాదు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనివే. ఆ ప్రాంతంలో పళ్ళు గారకట్టి, ఎముకలు బిగుసుకుపోవటానికి నీళ్ళలోని ఫ్లోరైడు కారణమని షార్ట్ మొదలైనవారు 1937లో ప్రకటించారు. కొద్దిగా ఉంటే పంటిని కాచేదే, మితిమీరితే తినేస్తుంది.

ఇక మా ఇంటి సంగతి. నిరుడు నాట్లప్పుడు మా నాయనకు దవడపన్ను సలుపు పట్టింది. లవంగనూనె దూది పెట్టుకొని పొలానికి పోయాడు. కూలీలు దొరికిన రోజున నాటు ఆగదు గదా! “పన్నులో పురుగుండాది రా, వాకుడుకాయ పొగ పట్టుకో” అంది మా అవ్వ. సెలవులకొచ్చిన నేను నవ్వాను గాని, నాయన నోరు తెరిపించి చూడలేదు. అయిదోనాటికి చెంప ఉబ్బి, జ్వరమొచ్చి, నోరు తెరవలేకపోయాడు. నెల్లూరు తీసుకుపోయాం. ఇంకా ఆగివుంటే వాపు గొంతులోకి దిగి ఊపిరాడకపోయేదన్నారు డాక్టరుగారు. చీము తీసి, పన్ను పీకి, రక్తం పరీక్షిస్తే షుగరు బయటపడింది. షుగరుంటే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళ జబ్బుంటే షుగరు లొంగదు. ఈ ముక్క నేను పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

కాలేజీకి తిరిగొచ్చాక నా పంటిపాచినే గీకి స్లైడుమీద గ్రామ్ రంగులు వేశాను. ఊదారంగు పూసల దండలు, గులాబీరంగు పుల్లలు కిక్కిరిసి కనిపించాయి. రికార్డులో వేసిన ఆ బొమ్మను పండక్కు ఇంటికి తీసుకెళ్ళి అవ్వకు చూపించాను.

“పురుగుండాదని నేను ముందే చెప్పలా?” అంది.