సముద్రం దాకా ఇద్దరం, ఆపైన ఎవరి దారి వారిది

మా ఆయనతో కలిసి ట్రయాథ్లాన్‌కని గోవా వెళ్ళి తిరిగొచ్చాక పెళ్ళిళ్ళలో, కూరల బజారులో, పిల్లల స్కూలు గేటు దగ్గర ఎవరు కనబడినా నన్ను రెండే అడుగుతున్నారు. "మీ ఆయన పక్కనే ఉండి లాక్కొచ్చారా?" అని ఒకటి. "మరి పిల్లల్నెవరు చూశారు?" అని ఇంకోటి. ఈ రెండో ప్రశ్న ఆయన్ని ఇంతవరకూ ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అందుకని ఈసారి మన ముచ్చట్లు ఈ రెండింటి గురించే.

ముందు ఇదేమిటో తెలియనివాళ్ళకి చెబుతాను. ట్రయాథ్లాన్ అంటే ఈత, సైకిలు, పరుగు, మూడూ వరసగా చేయాలి. బట్టలు, బూట్లు మార్చుకునేటప్పుడు కూడా గడియారం ఆగదు. మేం వెళ్ళింది పణజిలో మిరామార్ బీచ్ దగ్గర జరిగే ఐరన్‌మ్యాన్ 70.3కి. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, ఆ తర్వాత 90 కిలోమీటర్ల సైకిలు, ఆ తర్వాత 21.1 కిలోమీటర్ల పరుగు. మొత్తం 113 కిలోమీటర్లు. మైళ్ళలో లెక్కేస్తే 70.3, ఆ పేరు అలా వచ్చిందే. 8 గంటల 30 నిమిషాల్లో పూర్తవ్వాలి. ఒక్క ఈతకే గంటా పది నిమిషాల గడువు, అది దాటితే సైకిలు దాకా పోనివ్వరు. పూర్తి ఐరన్‌మ్యాన్ అయితే అన్నీ దీనికి రెట్టింపు.

ఈ ఐరన్‌మ్యాన్ పుట్టిందే ఒక దంపతుల వల్లనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అమెరికా నౌకాదళంలో పనిచేసిన జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ. హవాయిలోని ఓహూ దీవిలో అప్పటికే ఉన్న ఒక సముద్రపు ఈతని, దీవి చుట్టూ తిరిగే సైకిలు పందాన్ని, హోనొలులు మారథాన్‌ని కలిపి ఒకే రోజు చేస్తే ఎలా ఉంటుందన్నది వాళ్ళ ఆలోచన. 1978 ఫిబ్రవరి 18న 15 మంది మొదలుపెడితే 12 మంది పూర్తిచేశారు. అందరూ మగవాళ్ళే. ఆలోచనలో జూడీ ఉంది కానీ ఆ రోజు పూర్తిచేసినవాళ్ళలో ఆడమనిషి లేదు. ఆ మరుసటేడు లిన్ లెమేర్ అనే అమ్మాయి ఒక్కతే ఆడపిల్లగా నిలబడి, మొత్తం మీద అయిదో స్థానంలో వచ్చింది. వయసైపోయిందనే వదినలు, పిన్నులు ఉన్నారు కదా, వాళ్ళకోసం ఇంకో మాట: సిస్టర్ మడోనా బ్యూడర్ అనే క్రైస్తవ సన్యాసిని పరుగు మొదలుపెట్టిందే నలభై దాటాక. 2012లో కెనడాలో పూర్తి ఐరన్‌మ్యాన్ ముగించేనాటికి ఆమెకు 82 ఏళ్ళు.

సరే, ఇంటి సంగతికి వద్దాం. అసలు కష్టం అక్కడే ఉంది.

ఇంత దూరానికి సిద్ధపడాలంటే వారానికి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు కావాలి. ఇంట్లో ఇద్దరూ చేస్తుంటే ఇరవై గంటలు ఎక్కడినుంచి తేవాలి? మన దేశంలో 2019లో ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు దానికే పెడుతున్నారని తేలింది. చేసే మగవాళ్ళు పెట్టేది 97 నిమిషాలు. ఆ అంకెలు చదివినప్పుడు ఎవరో మా వంటింట్లోకి తొంగిచూసి రాసినట్టే అనిపించింది. మొదట్లో మా ఆయన ప్రాక్టీసుకి వెళ్ళడమంటే లేచి బూట్లు వేసుకోవడమే. నేను వెళ్ళాలంటే రాత్రే పప్పు నానబోసి, పిండి రుబ్బి, పొద్దున బాక్సుల్లోకి కూర తరిగి పెట్టుకుని, యూనిఫాంలు ఇస్త్రీ చేసి, అప్పుడు పడుకుని, నాలుగున్నరకి లేవాలి.

ఒక రాత్రి పొయ్యి దగ్గర నిలబడే చెప్పేశాను. "ఏవండీ, మీరు సైకిలు తొక్కి అలిసిపోతున్నారు. నేను సైకిలు దగ్గరికి వచ్చేసరికే అలిసిపోతున్నాను. ఇలాగైతే నా పేరు తీసేయించండి."

ఆయన వాదించలేదు. ఆలోచించి, పిల్లల డ్రాయింగ్ పుస్తకంలోంచి ఓ కాగితం చింపి తెచ్చారు. వారంలోని గంటలన్నీ రాశాం. నీలం రంగువి ఆయనవి, ఎర్రవి నావి. నీలం ఎన్నో ఎరుపూ అన్నే ఉండాలి, గంట తక్కువైనా ఒప్పుకోనన్నాను. మంగళ, గురువారాలు టిఫిన్లు, బాక్సులు ఆయన వంతు. ఆదివారం దూరపు సైకిలు ఒక వారం ఆయన, ఒక వారం నేను, అత్తయ్య మా దగ్గరుంటే ఇద్దరం. మొదట్లో ఆయన పెనం ముందు నిలబడితే అత్తయ్య గబగబా వచ్చి అట్లకాడ అందుకోబోయేవారు. "వద్దమ్మా, నన్ను నేర్చుకోనీ" అన్నది ఆయనే. ఇప్పుడాయన పోసే దోసెలు పిల్లలు నావాటికన్నా ఇష్టంగా తింటారు, నాకదే సంతోషం.

అమ్మాయిలూ, భర్తతో కలిసి ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటే సైకిలు కొనడానికి ముందు ఈ కాగితం రాసుకోండి. లక్షల సైకిలు కొనుక్కుని, తొక్కడానికి గంట దొరక్క బాల్కనీలో దానిమీద బట్టలారేసుకుంటున్న ఆడవాళ్ళు నాకు తెలుసు.

ఒంటి సంగతీ చెప్పాలి, ఇది మనలో మనమే చెప్పుకోవాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21లో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అందుకని మొదలుపెట్టేముందు హిమోగ్లోబిన్ ఒక్కటే కాదు, ఫెరిటిన్ కూడా చూపించుకోండి. ఒంట్లో ఇనుము నిల్వలు తగ్గుతున్నాయని ముందు అదే చెబుతుంది. ప్రాక్టీసు పెంచి తిండి పెంచకపోతే నెలసరి తప్పొచ్చు. సన్నబడుతున్నామని మురిసిపోవద్దు, దాని దెబ్బ ఎముకల మీద పడుతుంది, డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. మీ ఆయన సైకిలు సీటు మీకు సరిపోదు, మన కూర్చునే ఎముకల ఎడం వేరు. మెత్త ఉన్న సైక్లింగ్ నిక్కరు లోపల ఇంకేమీ వేసుకోకూడదని, ఒరుసుకునే చోటల్లా ముందే వాజలైన్ రాసుకోవాలని నాకు చెప్పింది క్లబ్బులో ఒక పెద్దావిడ. కోచ్‌లెవరూ ఆ మాట ఎత్తలేదు.

మాది విశాఖ. బీచ్ రోడ్డు ఎక్కితే భీమిలి దాకా పక్కన సముద్రమే, సైకిలుకి అంతకన్నా మంచి దారి లేదు. కానీ ఆ సముద్రం అందంగా ఉన్నంత నెమ్మదైనది కాదు. ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. వాటిలో చిక్కినవాళ్ళు ఒడ్డుకేసి ఎదురీదితే అలిసిపోయి మునుగుతారు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది బయటపడాలి. కాబట్టి మేం కొలనులోనే దూరం పెంచుకుని, సముద్రంలోకి గుంపుగా, తెలిసినవాళ్ళ కనుసన్నల్లోనే దిగేవాళ్ళం. తల ఎత్తి ఎదురుగా తేలే బోయాని చూసుకుంటూ ఈదడం ఒక విద్య, అది రాకపోతే ఎంత బలమున్నా వంకరగానే పోతాం.

పోటీ దగ్గరపడ్డాక ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక ఆయనే ఎత్తారు. "మనలో ఒకరు ఆగిపోతే?" అని. అప్పటిదాకా ఆ మాట ఇద్దరం తప్పించుకుంటూ వచ్చాం. చాలాసేపు మాట్లాడుకున్నాం. ఒకరాగిపోతే రెండోవాళ్ళు ఆగకూడదని ఖాయం చేసుకున్నాం. ప్రాణం మీదికొస్తే తప్ప.

గోవాలో నీళ్ళు వెచ్చగా ఉంటాయి. 24.5 డిగ్రీలు దాటితే వెట్‌సూట్ వేసుకోనివ్వరు, అంటే తేల్చిపెట్టే తొడుగు లేకుండా ఈదడమే. ఈతలో నేను మెరుగు. ముందున్నవాళ్ళ పాదాల వెనకే ఈదితే వెనకున్నవాళ్ళకి నీటి నిరోధం తగ్గుతుంది, నిబంధనలూ ఒప్పుకుంటాయి. ఆయన నా వెనకే వచ్చారు. అప్పుడప్పుడూ ఆయన వేళ్ళు నా మడమకి తగులుతుంటే, ఉన్నారులే అనుకునేదాన్ని.

సైకిలెక్కాక అలా కుదరదు. ముందు సైకిలుకీ మన సైకిలుకీ మధ్య 12 మీటర్లు వదలాలి, దాటాలంటే 25 సెకన్లలో దాటేయాలి. గాలి చాటున దాక్కుని వెళితే అయిదు నిమిషాలు కూర్చోబెడతారు. భార్యాభర్తలని మినహాయింపేమీ లేదు. సైకిలులో ఆయన దిట్ట. నన్ను దాటేటప్పుడు తల తిప్పి చూడలేదు, చూడొద్దని నేనే చెప్పాను. ఆ 90 కిలోమీటర్లలో చాలాసేపు నేను ఎవరి భార్యనో, ఎవరి అమ్మనో గుర్తే లేదు. గంటకోసారి తినడం, చిన్న గుక్కలుగా ఉప్పు కలిపిన నీళ్ళు తాగడం, గేర్లు, మలుపులు, అంతే. పెళ్ళయ్యాక అంతసేపు ఒక్కదాన్నే, ఒక్క పని మీదే ఉన్నది అదే మొదలు. అది నాకెంత అవసరమో అప్పుడే తెలిసింది.

పరుగులో ఎండ చంపేసింది. ఎదురు వరసలో వస్తూ ఆయన కనబడ్డారు, మొహంలో రక్తం లేదు. "ఉప్పు వేసుకున్నావా?" అని మాత్రం అరిచారు. చెమటలో ఉప్పంతా పోయాక ఉత్తి నీళ్ళు అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి మనిషి ప్రమాదంలో పడతాడు, ఆ భయం ఇద్దరికీ ఉంది. తర్వాతి చుట్టులో చూస్తే ఆయనే రోడ్డు పక్కన కూర్చుని ఉన్నారు. పిక్కలు పట్టేశాయి. ఆగాను. నా దగ్గరున్న ఉప్పు బిళ్ళలు చేతిలో పెట్టాను.

"నేను ఉంటాను" అన్నాను.

"వెళ్ళు. అనుకున్నాం కదా."

ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఆగిపోయేది నేనే. ఆఫీసు మానేది, ప్రయాణం రద్దు చేసుకునేది నేనే. అలాంటిది ఆయన్ని అలా రోడ్డు మీద వదిలి అడుగు ముందుకేయడం ఆ 113 కిలోమీటర్లలోకీ నాకు కష్టమైనది. వెనక్కి తిరిగి చూశాను. స్తంభం పట్టుకుని లేచి నిలబడి పిక్కలు సాగదీసుకుంటున్నారు. స్పృహలో ఉన్నారు, నిలబడ్డారు, పక్కన వలంటీరు ఉంది. ఇక పరుగెత్తాను.

నేనే ముందు పూర్తిచేశాను. పూర్తిచేసినవాళ్ళు మళ్ళీ లోపలికి వెళ్ళి ఇంకొకరితో పరుగెత్తకూడదు. బారికేడ్ పట్టుకుని గడియారం చూస్తూ నిలబడ్డాను. గడువు ఉండగానే నడుస్తూ, పరుగెడుతూ వచ్చేశారు. పతకం మెడలో పడ్డాక ఆయనన్న మొదటి మాట: "నువ్వు ఆగి ఉంటే నాకు నిజంగా కోపమొచ్చేది."

పిల్లల సంగతి అడిగారు కదూ. అత్తయ్య, మా ఆడపడుచు చూసుకున్నారు. ఆడపడుచు తన సెలవులు మాకోసం వాడింది. ఆ రుణం తీర్చుకోవడానికి ఆవిడ ఎమ్మెస్సీ పరీక్షలప్పుడు వాళ్ళ పిల్లలు మా ఇంట్లోనే ఉంటారు, ఆ వారం వంట మా ఆయనది.

ఇక మళ్ళీ చేస్తారా అంటారా? ఆయనకి పూర్తి దూరం మీద మనసుంది. నాకు లేదు. అన్ని గంటలు సైకిలు మీద గడపాలని నాకనిపించడం లేదు, నాకు సముద్రం కావాలి, దూరపు ఈత కావాలి. మరి వచ్చే ఏడాది ఆదివారాలు ఎవరికెన్ని? మొన్న కొత్త కాగితం తీసుకుని కూర్చున్నాం. శనివారం దాకా రాసేసరికి చిన్నాడికి జ్వరమొచ్చి లేచాం. ఈ వారం మళ్ళీ కూర్చోవాలి.