నడచుచున్నను తప్పిన గడియారము

చదువవలసిన భాగము: ప్రకటన 2:1–7

ఎఫెసు సంఘము పని మానిన సంఘము కాదు. అది ప్రయాసపడెను, సహించెను, అబద్ధ బోధకులను పరీక్షించెను. అయినను మొదటి ప్రేమను విడిచెనని ప్రభువు దానిమీద తప్పు మోపెను. నడచుచునే తప్పిపోవుట ఎట్లు? జర్మనీ దేశములో ఇండ్ల గోడలకు వ్రేలాడు రేడియో గడియారము దీనిని మనకు చక్కగా బోధించును.

1. అది విని నడచును

ఫ్రాంక్‌ఫర్ట్ నగరమునకు సమీపముననున్న మైన్‌ఫ్లింగెన్‌లో ఒక రేడియో కేంద్రము కలదు. 1959 జనవరి 1 నుండి అది 77.5 కిలోహెర్ట్జ్ మీద కాలసంకేతమును పంపుచున్నది. 1973 నుండి గంట, నిమిషము, తేదీ కూడ అందులో చేర్చబడినవి. అచ్చటి కాలమును సీసియం అణు గడియారములు నిర్ణయించును. సెకనుకు ఒక గుర్తు చొప్పున, ఒక నిమిషములో వర్తమానమంతయు వచ్చును. గోడ గడియారము లోపలనున్న చిన్న రేడియో దానిని విని ముళ్లను సరిచేయును. ఈ సంకేతము సుమారు 2000 కిలోమీటర్ల వరకే చేరును గనుక, ఆ గడియారమును మన గ్రామమునకు తెచ్చినను అది ఆ స్వరమును వినజాలదు.

2. వినకున్నను నడచును

సంకేతము అందనంత మాత్రమున గడియారము ఆగదు. తనలోని క్వార్ట్జ్ స్ఫటికము చొప్పున నడచుచు, దినదినము కొద్దికొద్దిగా తప్పుచుండును. ఒక దినపు తప్పు ఎవరికిని కనబడదు. అయితే మార్చి నెల చివరి ఆదివారమున ఆ దేశములో కాలమును ఒక గంట ముందుకు జరుపుదురు. ఆ రాత్రి సంకేతము వినని గడియారమును నమ్మి బయలుదేరినవాడు ఆరాధనకు ఒక గంట ఆలస్యముగా చేరును. గడియారము మాత్రము ఎప్పటివలె టిక్కుటిక్కుమనుచునే యుండును.

మనమును మందిరమునకు వచ్చుచున్నాము, పాడుచున్నాము, కానుక వేయుచున్నాము. కాని పొలము గట్టు తగాదా వలన మాటలు మానిన ఇద్దరు సహోదరులు ఏండ్ల తరబడి ఒకే ప్రభువు బల్లయొద్దకు వచ్చుటలేదా? అలవాటు నడిపించుచున్నది, ప్రేమ తప్పిపోయినది.

3. సరిచేయు విధము

తప్పిన గడియారపు ముళ్లను చేతితో బలవంతముగా త్రిప్పకూడదు. బ్యాటరీ తీసి, కొంతసేపు ఆగి, మరల వేయవలెను. సాధారణముగా ముళ్లు తిరిగి 12 యొద్ద నిలిచి, సంకేతము కొరకు కనిపెట్టును. టెలివిజను, కంప్యూటరు, ఇనుప సామానుల చెంతనుండి దానిని తీసి కిటికీయొద్ద పెట్టవలెను. పగలు అందని సంకేతము తరచుగా రాత్రి అందును. అప్పుడు ఇంటి విద్యుత్ యంత్రముల అలజడి తగ్గును, తరంగములును మరింత దూరము పోవును. అందిన పిమ్మట ముళ్లు వాటంతట అవే సరియైన గంటకు వచ్చును.

ప్రభువు ఎఫెసు సంఘమునకు చూపిన మార్గమును ఇట్టిదే: ఎక్కడనుండి పడితిమో జ్ఞాపకము చేసికొనుట, మారుమనస్సు పొందుట, మొదటి క్రియలు మరల చేయుట. నిలువక వినలేము. సమూయేలు రాత్రివేళ పరుండి వినెను. మన ప్రభువు సహితము చీకటి విడువకముందే అరణ్యప్రదేశమునకు వెళ్లి ప్రార్థించెను (మార్కు 1:35).

అయితే ఒక భేదము కలదు. గడియారము వినినంతనే లోబడును. మనము వినియు లోబడకుండవచ్చును. అందుచేతనే దీపస్తంభమును దాని చోటనుండి తీసివేతునని ప్రభువు హెచ్చరించెను. ఇది పని మానిన సంఘమునకు కాదు, పని చేయుచున్న సంఘమునకే చెప్పబడిన మాట.

ఆలోచించుటకు:

వాక్యము విని నేను చివరిసారి ఏ సంగతిని మార్చుకొంటిని?

వచ్చు ప్రభురాత్రి భోజనమునకు ముందు నేను ఎవరి గడప త్రొక్కి సమాధానపడవలెను?