పుట్టుపూర్వోత్తరములు గల అంకె

చిరంజీవి అమ్మాయికి,

రాజమహేంద్రవరమున ఉద్యోగములో ప్రవేశించితివనియు, కృష్ణా గోదావరి బేసిన్‌లో దశాబ్దములుగా త్రవ్విన చమురు బావుల లాగులన్నిటిని, అనగా లోతునుబట్టి రాతి గుణములను కొలిచి గీసిన గీతలన్నిటిని, ఒక డేటాబేస్‌గా కూర్చు పని నీకు అప్పగించిరనియు, దానిని ఎచ్చట మొదలిడవలెనో తోచక నా సలహా కోరుచున్నావనియు నీ లేఖవలన తెలిసి మిక్కిలి సంతోషించితిని. భూవిజ్ఞానము చదివినవారిలో పెక్కుమంది దీనిని గుమాస్తాపనిగా తలచి తప్పించుకొనజూతురు. నీవు అట్లు తలపవలదు. ఒక బావిని త్రవ్వుటకు కోట్లకొలది ధనము వ్యయమగును. త్రవ్విన పిమ్మట కేసింగు గొట్టము దింపి సిమెంటు పోసినచో, ఆ రాతిని మరల అదే విధముగా కొలుచు అవకాశము రాదు. కనుక బావి తెరచియున్న ఆ కొద్ది గంటలలో పరికరములు పైకి తెచ్చిన కొలతలు పోయినచో, మరియొక బావి త్రవ్వుట తప్ప వేరు గతి లేదు.

ఈ కొలతల ఆరంభమును ముందు చెప్పెదను. 1927 సెప్టెంబరు 5వ తేదీన, ఫ్రాన్సు దేశమునందలి పెషెల్‌బ్రాన్ చమురు క్షేత్రమున, ష్లంబర్జే సోదరుల పక్షమున ఆన్రీ డాల్ తన సహచరులతో మొట్టమొదటి విద్యుత్ లాగును తీసినప్పుడు, పరికరమును మీటరు మీటరునకు నిలిపి, కొలిచి, ఆ బిందువులను చేతితో కాగితముపై గుర్తించిరి. ఆరంభకాలమున లాగులు ప్రధానముగా ఒక బావిలోని పొరను మరియొక బావిలోని పొరతో పోల్చుకొనుటకు ఉపకరించెడివి. గీత ఆకారము తెలిసిన చాలును. 1942లో ఆర్చీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు రాతి విద్యున్నిరోధమునకును, దానిలోని రంధ్రముల పరిమాణమునకును, ఆ రంధ్రములలోని నీటి పాలునకును గల సంబంధమును సూత్రముగా ప్రకటించిన నాటినుండి ఆ స్థితి మారినది. గీత గణితమునకు ముడిసరుకైనది. దానిలోని దోషము చమురు నిల్వల అంచనాలోనికి కనబడకుండ ప్రవేశింపసాగినది.

అందువలన నేను నీకు ముఖ్యముగా చెప్పదలచినది ఒక్కటే: నీ డేటాబేస్‌లో ఏ అంకెయు తన పుట్టుపూర్వోత్తరములు లేకుండ ఉండరాదు. ఏ పరికరము, ఏ రోజున, ఎన్నవ రన్‌లో (బావిలోనికి దింపిన ఎన్నవ పర్యాయమున), ఎట్టి మడ్ (త్రవ్వకపు బురద) నిండిన బావిలో, ఎంత వేడిమివద్ద దానిని కొలిచెనో, కొలిచిన తరువాత ఎవరు ఏ కారణముచే దానిని సవరించిరో, ఇదంతయు అంకెవెంట నడువవలెను. కాగితపు లాగు శిరోభాగమున ఉండు హెడరులో కొలతనాటి సమాచారము కలదు: బిట్టు వ్యాసము, కేసింగు దిగిన లోతు, మడ్ సాంద్రత, మడ్ యొక్కయు దానినుండి వడిసిన నీటియొక్కయు నిరోధములు, అవి కొలిచిన ఉష్ణోగ్రత, మడ్ ప్రసరణము ఆగి ఎన్ని గంటలైనది. పాత లాగులను డిజిటైజ్ చేయించునప్పుడు సాధారణముగా గీతలకే సొమ్ము చెల్లింతురు. హెడరును టైపుచేయుట శ్రమయని విడిచిపెట్టుదురు. ఇది నన్ను మిగుల బాధించు విషయము. మడ్ నిరోధము తెలియని రెసిస్టివిటీ లాగును సరిదిద్దు మార్గమే లేదు. కాబట్టి నీ చేతికి వచ్చు ప్రతి లాగునకును, గీతకన్న ముందు హెడరును ఎక్కించు నియమము పెట్టుకొనుము.

ఇక లోతు సంగతి. కొలతలన్నిటికి ఆధారము అదియే గనుక దీనిపై కొంత విస్తరించి వ్రాయుచున్నాను. లాగులోని లోతు నేలనుండి మొదలగునని క్రొత్తవారు భ్రమింతురు. అది సాధారణముగా రిగ్గు అంతస్తుమీది కెల్లీ బుషింగునుండి మొదలగును. ఆ బుషింగు సముద్రమట్టమునకు ఎంత ఎత్తున ఉన్నదో తెలియనిదే ఒక బావిని మరియొక బావి ప్రక్కన నిలుపుట అసాధ్యము. ఆ పైని, గొట్టములను లెక్కించి డ్రిల్లరు చెప్పు లోతును, తీగను కొలిచి లాగింగు ఇంజనీరు చెప్పు లోతును సరిగా కలియవు. తీగ తన బరువుచేతను వేడిమిచేతను సాగును. రెండింటిని వేరువేరుగా ఉంచుము. వంకరగా త్రవ్విన బావిలో గొట్టము వెంబడి కొలిచిన లోతు వేరు, నిలువు లోతు వేరు. బావి మార్గమును తెలుపు డీవియేషన్ సర్వే లేనిదే ఒకదానినుండి మరియొకదానిని పొందజాలము. ఒకే బావిముఖమునుండి ప్రక్కకు మరలించి త్రవ్విన సైడ్‌ట్రాకులకు వేరు గుర్తింపు సంఖ్యలు ఈయకపోతివేని, రెండు రంధ్రముల కొలతలు ఒకే రంధ్రములో కలిసిపోవును.

లోతు విషయమున ఒక చిన్న లెక్క చూపెదను. పెక్కు లాగులలో అరయడుగునకు ఒక కొలత యుండును, అరయడుగనగా 0.1524 మీటరు. ఎవరో దీనిని సులువు కొరకు 0.15గా వ్రాసి, మొదటి లోతునుండి ఆ అంతరముతో లోతులను మరల పుట్టించినారనుకొనుము. పైభాగమున తేడా కంటికి ఆనదు. కాని 3000 మీటర్ల విస్తృతిపై చివరి కొలత తన నిజస్థానమునకు సుమారు 47 మీటర్ల పైకి లేచిపోవును. నలువది యేడు మీటర్లనగా ఒక మంచి ఇసుకరాతి పొర మొత్తము తప్పిపోగల దూరము! ఫైలు ఏ ఫిర్యాదును లేక తెరచుకొనును, గీత సొంపుగా కనబడును, కాని పొర అక్కడ ఉండదు. అందుచేత ప్రతి ఫైలు తుది లోతును హెడరులోని తుది లోతుతో సరిచూడనిదే లోనికి రానీయవలదు.

బావి ఉనికి చెప్పు అక్షాంశ రేఖాంశములును ఇట్టివే. మన దేశపు పాత సర్వేలు ఎవరెస్టు గోళాభము ఆధారముగా జరిగినవి. నేటి ఉపగ్రహ సాధనములు డబ్ల్యూజీఎస్ 84ను అనుసరించును. ఏ ఆధారమో వ్రాయక అంకెలను మాత్రము ఎక్కించినచో గోదావరి డెల్టాలోని బావి పటముమీద నూరు మీటర్లకు మించి జరుగును.

పేర్లును కొలమానములును చిక్కు తెచ్చును గాని, ఓపిక యున్నచో తీరునవే. సాంద్రతా లాగును ఒక కంపెనీ ఆర్‌హెచ్‌ఓబీ అనును, మరియొకటి జెడ్‌డెన్ అనును. మూలనామమును ఒక గడిలోను, మీరు నిర్ణయించుకొన్న నామమును మరియొక గడిలోను ఉంచుము. క్వార్ట్జు సాంద్రత 2.65 అనియు 2650 అనియు రెండు విధముల కనబడినచో తప్పు తనంత తానే బయటపడును. కాని న్యూట్రాన్ లాగు సున్నపురాతిని ప్రమాణముగా కొని తీసినదో ఇసుకరాతిని ప్రమాణముగా కొని తీసినదో అంకెను చూచి కనిపెట్టుట కష్టము, హెడరు చెప్పవలసినదే. కొలత లేని చోట –999.25 అని వ్రాయు ఆచారము కలదు. దానిని సున్నగా మార్చు సాఫ్ట్‌వేరును దరిచేరనీయకుము, ఏలయనగా సున్న కూడ ఒక కొలతయే.

సవరణల విషయము మిగుల సున్నితమైనది. బావిగోడ విరిగిపడిన చోట సాంద్రతా పరికరము రాతిని గాక మడ్‌ను కొలిచి తక్కువ అంకె చూపును. పెట్రోఫిజిసిస్టు దానిని తీసివేసి ఊహించిన విలువ పెట్టును. వేరువేరు రన్‌ల లాగులను లోతునుబట్టి జరిపి ఒక్కటిగా అతుకుదురు. ఇవి అవసరములే, కాని ఇవి తీర్పులు, కొలతలు కావు. తాళపత్ర ప్రతులను పరిష్కరించు పండితుడు తనకు సమ్మతమైన పాఠమును పైనుంచి, తక్కిన ప్రతుల పాఠాంతరములను అధస్సూచికలలో నిలిపినట్లు, నీవు సవరించిన గీతను వాడుకకు ముందుంచి, మూలమును, సవరించినవారి పేరును, తేదీని, హేతువును దాని వెనుక నిలుపవలెను. మూలముపై ఎవరికిని, నీకును గూడ, చెరపు అధికారము ఉండరాదు. నేడు దోషమని తోచినది రేపు పలుచని పొరగా తేలవచ్చును.

కాగితపు లాగులను స్కాన్‌చేసి గీతలను అంకెలుగా మార్చునప్పుడు కాగితము సాగియుండునని జ్ఞాపకముంచుకొనుము. అడుగును తలను మాత్రము పట్టుకొనక, నడుమనున్న లోతురేఖలనుకూడ బిగించవలెను. రెసిస్టివిటీ గీత చాలవరకు 0.2 మొదలు 2000 ఓమ్ మీటర్ల వరకు లాగరిథమిక్ స్కేలుపై నుండును. దానిని సమానాంతర స్కేలుగా చదివినచో వచ్చునది కొలత కాదు. గీత ఒక అంచున మాయమై రెండవ అంచున తిరిగి పుట్టుటయు కలదు. దానిని గుర్తింపని యంత్రము అధిక విలువను అల్ప విలువగా వ్రాయును.

ఇన్ని యంత్రపరీక్షల తరువాతను భూవిజ్ఞానియే చేయవలసిన పరీక్ష యొకటి మిగిలియున్నది. నీ బేసిన్‌లో రాజోలు లావాశిలలున్నవి. అవి రాజమహేంద్రవర సమీపమున కాతేరువద్ద బయల్పడిన దక్కను నల్లరాతికి సంబంధించినవే. లాగులో వానికి గామా వికిరణము తక్కువ, సాంద్రత ఎక్కువ, నిరోధము ఎక్కువ. వానికి అడుగున క్రెటేషియస్ యుగపు రాఘవాపురము షేలులో గామాయు నిరోధమును రెండును హెచ్చుగా నుండు భాగ మొకటి కలదు. ఇట్టి గుర్తులు ఉండవలసిన క్రమమున ఉన్నవా, ఇరుగుపొరుగు బావులతో పొసగుచున్నవా అని చూడుము. భ్రంశములచే పొరలు క్రుంగియుండును గనుక ప్రతి తేడాయు దోషము కాదు. కాని హెడరునో లోతునో మరల చూడుమని అది నిన్ను హెచ్చరించును. పొరల శిరస్సులను ఎక్కించునప్పుడు ఒక బావికి ఒకే లోతు అని నిర్బంధింపవలదు. ఇద్దరు భూవిజ్ఞానులు రెండు చోట్ల గుర్తించిన, ఇద్దరి మాటయు వారి పేర్లతో నుండనిమ్ము.

రక్షణమునుగూర్చి క్లుప్తముగా వ్రాసెదను. పాత అయస్కాంత టేపులు గోదావరి తీరపు తేమకు బంక విడిచి జిగటగా మారును. వానిని చదువు యంత్రములును అరుదగుచున్నవి. కాబట్టి టేపులను ముందు చూడుము, కాగితము ఆగగలదు. కెనడా వెల్ లాగింగ్ సొసైటీ 1989లో వెలువరించిన లాస్ పద్ధతి సాదా అక్షరములతో నుండుటచే ఏ కంప్యూటరునందైనను తెరచుకొనును. వాడుకకు అది చాలును. కాని కంపెనీ ఇచ్చిన మూలఫైలును బైటు మారకుండ వేరుగా దాచి, దాని చెక్‌సమ్‌ను వ్రాసి ఉంచవలెను. ప్రతులు రెండు ఊళ్లలో ఉండవలెను. అప్పుడప్పుడు ఒక ప్రతినుండి మొత్తము డేటాబేస్‌ను తిరిగి నిలిపి చూడవలెను. 2017లో ప్రారంభమైన జాతీయ డేటా రిపాజిటరీ ఉన్నదికదా యని ఉపేక్షింపవలదు. అచ్చటికి చేరునది ఇచ్చట మనము పంపినదే.

ఒకేసారి వేయి బావులను తలకెత్తుకొనకుము. బాగుగా ఎరిగిన క్షేత్రమొకటి యెన్నుకొని, అందలి బావులలో కెల్లీ బుషింగు ఎత్తు నమోదుకానివి ఏవో మొదట పట్టిక వ్రాయుము. ఆ బావుల పూర్తి నివేదికలు పాత అల్మారాలలో దొరకవచ్చును. దొరకనివానికి ఏమి చేయవచ్చునో, ఆ పట్టిక నాకు పంపినచో ఇద్దరము కలిసి చూచెదము.

ఇట్లు,
ఆశీస్సులతో,
నీ పెదనాన్న