రెండు ఇంజన్ల జెట్ బోటు: ఒకటి మొరాయిస్తే తప్పు ఎక్కడ వెతకాలి?



మేము ఈ హాస్టల్లో ఉన్న రోజుల్లో స్టడీ హాల్లో ట్యూబ్‌లైటు వెలగకపోతే ఎలక్ట్రీషియన్ కోసం ఎదురుచూసేవాళ్లం కాదు. పక్కన వెలుగుతున్న లైటు స్టార్టరు తీసి దీనికి పెట్టేవాళ్లం. వెలిగిందా, పోయింది స్టార్టరే. వెలగలేదా, స్టార్టరు దాని చోట దానికి పెట్టేసి ఈసారి ట్యూబు మార్చి చూసేవాళ్లం. అదీ కాకపోతే చోకు. ఇక్కడ మేము చెప్పబోయే రిపేరు పద్ధతి అంతకంటే పెద్ద విద్యేమీ కాదు. కాకపోతే ట్యూబ్‌లైట్లకు బదులు నీళ్ల మీద పరిగెత్తే రెండు ఇంజన్లు, వాటిని నమ్ముకుని కూర్చున్న మనుషులు ఉంటారు. మేమిద్దరం ఐటీఐ చేశాక గల్ఫ్‌లో ఒక బోట్ల షెడ్డులో కొన్నేళ్లు పనిచేశాం. మీలో మెకానిక్ లైన్‌కి వెళ్లేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాం.

ముందు జెట్ బోటు సంగతి. మామూలు మోటారు పడవకు వెనక నీళ్లలో రెక్కలు తిరుగుతాయి. జెట్ బోటుకు బయట ఏ రెక్కలూ ఉండవు. అడుగున ఉన్న జాలీ గుండా నీళ్లు లోపలికి వస్తాయి. ఇంజను తిప్పే ఇంపెల్లర్ ఆ నీళ్లను ఒత్తిడితో వెనక నాజిల్ గుండా చిమ్ముతుంది. నీళ్లు వెనక్కి, బోటు ముందుకు. మీరు చదివిన న్యూటన్ మూడో సూత్రమే. లోతు తక్కువగా, రాళ్లతో నిండిన న్యూజిలాండ్ నదుల కోసం 1950లలో విలియం హామిల్టన్ ఈ బోట్లను తయారుచేశాడు. 1977లో ఎడ్మండ్ హిల్లరీ బృందం మూడు జెట్ బోట్లతో సముద్రం నుంచి గంగానదికి ఎదురెక్కి హిమాలయాల్లో నందప్రయాగ దగ్గర జలపాతం అడ్డం వచ్చేదాకా వెళ్లింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. ఈ రకం బోటుకు వెనక చుక్కాని ఉండదు. నాజిల్‌ను పక్కకు తిప్పితే నీటి ధార తిరుగుతుంది, దాంతో బోటు తిరుగుతుంది. అంటే ధార లేకపోతే స్టీరింగ్ కూడా లేనట్టే. ఎదురుగా ఏదైనా కనిపించగానే భయపడి థ్రాటిల్ పూర్తిగా వదిలేస్తే, స్టీరింగ్ ఎంత తిప్పినా బోటు తిన్నగా వెళ్లి దాన్నే గుద్దుతుంది. సైకిలుకు బ్రేకు వేసిన అలవాటుతో కొత్తవాళ్లు చేసే తప్పు ఇదే. అందుకే జెట్ బోటులో ఇంజను ఆగిపోవడం అంటే ప్రయాణం ఆలస్యం కావడం ఒక్కటే కాదు. రెండు ఇంజన్లు ఉంటే ఒకటి ఆగినా రెండోదాని ధారతో ఒడ్డు చేరొచ్చు. అప్పుడు బోటు ఆగిపోయిన ఇంజను వైపుకు లాగుతూ ఉంటుంది. ఫుల్ థ్రాటిల్ ఇస్తే పాత వేగం వస్తుందనుకోకండి, ఇంపెల్లర్ దగ్గర నీళ్లు నురగలు కక్కుతాయి తప్ప బోటు లేవదు. నిదానంగా రావాలి.

ఇక రిపేరు. పానా పట్టుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న: చెడిపోయింది ఒక్కటేనా, రెండూనా? రెండూ ఒకేసారి మొరాయిస్తే రెంటికీ ఉమ్మడిగా ఉన్నవాటినే అనుమానించాలి. పెట్రోలు ట్యాంకు చాలా బోట్లలో ఒక్కటే. రెండు ఇంజన్లలో ఒకేరోజు ప్లగ్గులు పోవడం అరుదు గానీ, ట్యాంకులో నీళ్లు చేరడం అరుదు కాదు. ఇథనాల్ కలిపిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. పంపు లాగేది ఆ అడుగు నుంచే. మన దేశంలో 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు కాబట్టి, నెలల తరబడి కదలకుండా ఉన్న బోటుకు ఇది గుర్తుంచుకోవాల్సిన మాట. కొంచెం పెట్రోలు గాజు సీసాలోకి తీసి కాసేపు కదపకుండా ఉంచితే అడుగున గీత గీసినట్టు కనిపిస్తుంది.

చెడింది ఒక్కటే అయితే రెండో ప్రశ్న: తప్పు ఇంజనుదా, జెట్టుదా? ఇది మీటరు చెబుతుంది. ఇంజను ఎప్పటికన్నా ఎక్కువగా రేజ్ అవుతూ బోటు మాత్రం ఈడవకపోతే తప్పు జెట్టులో ఉంది. జాలీకి నాచో ప్లాస్టిక్ కవరో అడ్డం పడి ఉంటుంది, షాఫ్టుకు తాడు చుట్టుకుని ఉంటుంది, లేదా ఇంపెల్లర్ అంచులు గులకరాళ్లకు అరిగి చుట్టూ ఉన్న రింగుకీ దానికీ సందు పెరిగి ఉంటుంది. ఆర్‌పీఎం పడిపోయి గరగరమని అదురు వస్తుంటే మధ్యలో రాయి ఇరుక్కుందేమో చూడాలి. ఏ శబ్దమూ లేకుండా ఆర్‌పీఎం మాత్రమే పెరగకపోతే అప్పుడు ఇంజను విప్పే ఆలోచన చేయాలి. జాలీలో చెయ్యి పెట్టే ముందు రెండు ఇంజన్లూ ఆపి, తాళాలు జేబులో వేసుకోవాలి. ఒకటి ఆపితే చాలు కదా అనిపిస్తుంది. చాలదు.

మేము చేసిన తప్పు ఇక్కడ చెప్పాలి. ఒక బోటు వచ్చింది. కుడి ఇంజను 7,400 తిరుగుతోంది, ఎడమది 6,000 దాటడం లేదు, మిస్సింగ్ కొడుతోంది. సాయంత్రానికి ఇవ్వాలని తొందర. ఎడమ ఇంజనుకు నాలుగు ప్లగ్గులూ కొత్తవి వేశాం, రెండు కాయిల్స్ మార్చాం, ఫిల్టరు మార్చాం. బాగైపోయింది! మా ఫోర్‌మన్, మలయాళీ పెద్దాయన, "తప్పు దేంట్లో ఉంది?" అని అడిగాడు. మేము మొహమొహాలు చూసుకున్నాం. పది రోజులకు అదే బోటు చిన్నపిల్లలున్న కుటుంబంతో సముద్రంలోకి వెళ్లి, పెద్ద ఓడలు తిరిగే దారిలో అదే ఎడమ ఇంజను ఆగిపోయింది. కుడి ఇంజనుతో చీకటిపడ్డాక ఒడ్డుకు చేరారు. ఎవరికీ ఏమీ కాలేదు. మాకు మాత్రం ఆ రాత్రి అన్నం దిగలేదు.

మర్నాడు ఫోర్‌మన్ పక్కన నిలబడి చేయించాడు. ముందు చచ్చిన సిలిండరు ఏదో కనుక్కోవాలి. షెడ్డులో పైపుతో కూలింగ్ నీళ్లు పెట్టి ఇంజను ఐడిల్‌లో ఉంచి, ఇంజెక్టర్ల కనెక్టర్లు ఒక్కొక్కటే తీసి పెట్టాలి. ఏది తీసినప్పుడు ఇంజను చప్పుడు మారదో అదే పనిచేయని సిలిండరు. కాయిల్ తీసి కూడా ఇలా చూడొచ్చు గానీ, మండని పెట్రోలు సైలెన్సర్‌లోకి పోతుంది కాబట్టి ఇంజెక్టరే మంచిది. మూడో సిలిండరు దొరికింది. దాని కాయిల్‌ను కుడి ఇంజను మూడో సిలిండరుకు, అక్కడిది ఇక్కడికి మార్చాం. కుడి ఇంజను బాగానే తిరిగింది. అంటే కాయిల్ నిర్దోషి. ఎక్కడిదక్కడ పెట్టేసి ప్లగ్గులు మార్చాం. అవీ నిర్దోషులే. ఇంజెక్టర్ మార్చినా తప్పు ఎడమ ఇంజనులోనే ఉండిపోయింది. ఇక మిగిలింది వైరు. కాయిల్ కనెక్టర్ లోపలి పిన్ను ఉప్పు గాలికి పచ్చగా చిలుము పట్టి ఉంది. మొదటిసారి కాయిల్ మార్చేటప్పుడు కనెక్టర్ లాగి పెట్టాం కదా, ఆ రాపిడికి కాస్త కరెంటు అంది పది రోజులు నడిచింది. మేము వేసిన కొత్త సామాన్లన్నీ దండగ. బిల్లు మాత్రం ఓనరు కట్టాడు.

అప్పటినుంచి మేము ఒకసారికి ఒక్క వస్తువే మారుస్తాం. మార్చింది నోట్‌బుక్‌లో రాస్తాం. అయితే ఈ అదలుబదలు పద్ధతికి ఒక హద్దు ఉంది. చెడ్డ ఇంజను ఆయిల్‌లో నీళ్లు కలిసి పాలలా తెల్లగా కనిపించినా, వేడెక్కి అలారం మోగినా దాన్ని తిప్పి చూడకూడదు. ముందు నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో, కూలింగ్ ఎక్కడ ఆగిందో చూడాలి. చాలా బోట్లలో ఇంజనును చల్లబరిచే నీళ్లు కూడా జెట్టు నుంచే వస్తాయి, కాబట్టి జాలీకి నాచు పడితే ఈడ్పు తగ్గడంతో పాటు వేడి కూడా పెరగొచ్చు.

మరి రెండు జాగ్రత్తలు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, ఇంజను గదిలో అడుగున పేరుకుంటుంది. స్టార్ట్ చేసే ముందు మూత తీసి వాసన చూసి, బ్లోయర్ కనీసం 4 నిమిషాలు తిప్పాలి. వాసన పోకపోతే సెల్ఫ్ కొట్టొద్దు. ఇక షెడ్డులో పైపు పెట్టి కడిగేటప్పుడు, మేము చూసిన రకం బోట్లలో ముందు ఇంజను స్టార్ట్ చేసి వెంటనే నీళ్లు వదలాలి. ఆపేటప్పుడు ముందు నీళ్లు కట్టేసి, కొన్ని సెకన్లకే ఇంజను ఆపాలి. ఇంజను ఆగి ఉండగా నీళ్లు వదిలితే అవి సైలెన్సర్ దారిలో సిలిండర్లలోకి ఎక్కుతాయి. ఒక్కో కంపెనీ పద్ధతి ఒక్కోలా ఉంటుంది, కాబట్టి బోటుతో వచ్చిన పుస్తకంలో ఆ పేజీ చదివాకే పైపు పట్టుకోండి.