సీడ్ మనీతో మొదలయ్యే క్యాన్సర్ పరిశోధనలో మాలూరు పిల్లలకు చోటుంది

నీట్‌లో ర్యాంకు రాకపోతే వైద్య పరిశోధనతో ఇక మనకు సంబంధం లేదని కోలారు జిల్లా మాలూరు తాలూకాలో చాలా ఇళ్లలో అనుకుంటారు. బీఎస్సీ చదివే అమ్మాయి, బీసీఏ చేసే అబ్బాయి క్యాన్సర్ అంటే డాక్టర్ల వ్యవహారం అనుకుని నరసాపుర ఫ్యాక్టరీల వైపో, రైలెక్కి వైట్‌ఫీల్డ్ ఆఫీసుల వైపో చూస్తారు. ఆ ఉద్యోగాలను తక్కువ చేయడం లేదు. కానీ డాక్టరు, ఇంజనీరు, గణాంక నిపుణుడు, సమాజశాస్త్రం చదివినవాళ్లు కలిసి పనిచేసే చిన్న పరిశోధన జట్లు విశ్వవిద్యాలయాల్లో తయారవుతున్నాయి. వాటికి మొదట దొరికే చిన్న మొత్తమే సీడ్ మనీ. డిగ్రీ పూర్తిచేసిన కొత్తవాళ్లు పరిశోధనలోకి అడుగుపెట్టడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. పైగా మన జిల్లా పిల్లల దగ్గర ఈ పనికి ఉపయోగపడే అర్హత ఒకటి అదనంగా ఉంది.

ముందు జబ్బు సంగతి చూద్దాం. గ్లోబోకాన్ 2022 అంచనా ప్రకారం ఆ ఏడాది దేశంలో కొత్తగా 14 లక్షల మందికి పైగా క్యాన్సర్ బారిన పడ్డారు. అందులో పెదవి, నోటి క్యాన్సర్లే దాదాపు 1.44 లక్షలు. మన జిల్లాకు ఇది దూరపు లెక్క కాదు. ఆకు, వక్క, సున్నం, పొగాకు కలిపి దవడలో పెట్టుకుని అలాగే నిద్రపోయే అలవాటు ఇక్కడి పల్లెల్లో ఉంది. బుగ్గ లోపలి పొరలో వచ్చే క్యాన్సర్‌కూ ఈ అలవాటుకూ ఉన్న సంబంధం మీద టమకలోని శ్రీ దేవరాజ్ అర్స్ మెడికల్ కాలేజీ వైద్యులు ఎంతో కాలంగా పరిశోధన పత్రాలు రాస్తున్నారు. కారణం తెలిసినా రోగి ఆలస్యంగానే ఎందుకు వస్తున్నాడన్నది ఒక్క సర్జన్ తేల్చగలిగే ప్రశ్న కాదు. సర్వే ఫారంలో ‘పొగాకు వాడతారా?’ అని ఉందనుకోండి. కడ్డిపుడి పొగాకు నమిలే అవ్వ దాన్ని తాంబూలంలో భాగమే అనుకుని ‘లేదు నాయనా’ అనేయవచ్చు. ఆకులో ఏమేం వేసుకుంటారు, ఏ దవడన పెట్టుకుంటారు, ఎంతసేపు ఉంచుకుంటారు, రాత్రి ఉమ్మేసి పడుకుంటారా అని ఇంటి తెలుగులో, కన్నడలో అడిగితేనే అసలు సమాధానం వస్తుంది. ఆ సమాధానం తప్పయితే ఎంత గొప్ప కంప్యూటర్ విశ్లేషణైనా తప్పే. అలా రెండు భాషల్లో అడగగలగడమే నేను చెప్పిన అదనపు అర్హత.

ఇక డబ్బు సంగతి. పెద్ద నిధులిచ్చే సంస్థలు ప్రాథమిక ఫలితాలు చూపమంటాయి. ఆ ఫలితాలు రాబట్టాలంటే ముందు కొంత డబ్బు కావాలి. విశ్వవిద్యాలయం తన సొంత నిధి నుంచి ఇచ్చే సీడ్ మనీ ఈ చిక్కుముడిని విప్పుతుంది. ఇక జట్టు సంగతి. వేర్వేరు శాస్త్రాలవాళ్లు కలిస్తే ఏం జరుగుతుందో చరిత్ర చెబుతోంది. భీమవరంలో పుట్టిన బయోకెమిస్టు యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో తయారుచేయించిన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లల మీద ప్రయత్నించారు. 16 మందిలో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించారు. బయోకెమిస్టు ఒక్కడే అయినా, వైద్యుడు ఒక్కడే అయినా అంత దూరం వెళ్లగలిగేవారు కారు. మన దగ్గరి ఉదాహరణ కావాలంటే, బెంగళూరు మజుందార్ షా క్యాన్సర్ ఆస్పత్రి వైద్యులు అమెరికాలోని అరిజోనా యూనివర్సిటీ ఆప్టిక్స్ ఇంజనీర్లతో కలిసి స్మార్ట్‌ఫోన్‌కు అమర్చే నోటి పరీక్ష పరికరం తయారుచేసి 2018లో ఫలితాలు ప్రచురించారు. అలాంటి పనిలో లాలాజలం మీద పడే మెరుపు ఫోటోను పాడుచేస్తుంది. బుగ్గను ఎలా పక్కకు లాగాలో డెంటల్ డాక్టరుకు తెలుసు, మెరుపును ఎలా తగ్గించాలో ఇంజనీరుకు తెలుసు. ఇద్దరి మాటా అర్థమయ్యే కుర్రాడు మధ్యలో లేకపోతే పని సాగదు. కలిసి పరిశోధన చేయడం మన జిల్లాకూ కొత్త కాదు. 1965లో కేజీఎఫ్ గని లోతుల్లో భారతీయ, జపాన్, బ్రిటిష్ శాస్త్రవేత్తలు కలిసి వాతావరణ న్యూట్రినోల జాడ పట్టారు.

పెద్ద ప్రాజెక్టు అనుభవజ్ఞులను అడుగుతుంది, సీడ్ మనీ జట్టుకు అంత జీతాలిచ్చే స్తోమత ఉండదు. అందుకే ప్రాజెక్ట్ అసిస్టెంటుగా కొత్తవాళ్లను తీసుకుంటుంది. ఇక్కడే అసలైన అభ్యంతరం వస్తుంది: ఏడాదికో రెండేళ్లకో ముగిసే పని, చాలీచాలని జీతం, ఆ తర్వాత ఏంటి? ఈ భయం న్యాయమైనదే. ఇంటి అప్పు భుజం మీద ఉన్నవాళ్లను ఈ దారి పట్టమని ఒత్తిడి చేయకూడదు. మిగతావాళ్లు మాత్రం దీన్ని జీతంతో సాగే శిక్షణగా చూడాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఎలా వస్తుందో, రోగి సమ్మతి ఎలా తీసుకోవాలో, డేటా ఎలా శుభ్రం చేయాలో నేర్చుకున్నవారికి పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో చెప్పడానికి మాట ఉంటుంది. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, హెచ్ఆర్ఏ అదనం. చాలా సీడ్ ప్రాజెక్టులు ఏమీ తేల్చకుండానే ముగుస్తాయి కదా అన్నది ఇంకో మాట. ముగుస్తాయి. తక్కువ ఖర్చులో ఆ సంగతి తెలియడం కోసమే ఆ డబ్బు, నేర్చుకున్న పని మాత్రం విద్యార్థితోనే ఉంటుంది. డాక్టరు కానివాడి మాటకు విలువేముంటుందని అడిగేవారికి తిరువనంతపురం జిల్లా సమాధానం చెబుతుంది. 1996లో అక్కడ మొదలైన అధ్యయనంలో ఇల్లిల్లూ తిరిగి నోళ్లు చూసింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయని 2005లో లాన్సెట్ ప్రచురించింది.

అన్నీ కొంచెం కొంచెం తెలిసినవాడు ఎందుకూ కొరగాడన్న విమర్శలో మాత్రం నిజముంది. కాబట్టి ఒక సబ్జెక్టు గట్టిగా పట్టండి, పక్క సబ్జెక్టు భాష అర్థమయ్యేంత నేర్చుకోండి. జీవశాస్త్రం వాళ్లు గణాంకాలు, ఆర్ లేదా పైథాన్ నేర్చుకోవాలి. బీసీఏ వాళ్లు బయాప్సీ నివేదిక చదవడం తెలుసుకోవాలి. భౌతికశాస్త్రం వాళ్లకు బెంగళూరు కిద్వాయ్ క్యాన్సర్ సంస్థలాంటి చోట్ల రేడియేషన్ ఫిజిక్స్ దారి ఉంది. జామ్, గాట్-బీ, గేట్, నెట్ పరీక్షల్లో మీ సబ్జెక్టుకు తగినవి ఎలాగూ రాయాల్సిందే. ఎక్కడ అడగాలో తెలియకపోతే ఒక మార్గం ఉంది. నాక్ గుర్తింపు కోసం విశ్వవిద్యాలయాలు ఇచ్చే స్వీయ అధ్యయన నివేదికలో, అధ్యాపకులకు సీడ్ మనీ ఎంత ఇచ్చారో చెప్పాలి. ఆ నివేదిక వారి వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. టమకలోనో బెంగళూరులోనో మీ సబ్జెక్టుకు దగ్గరగా క్యాన్సర్ మీద పనిచేస్తున్న అధ్యాపకుడిని వెతికి, ఆయన రాసిన పత్రం ఒకటి పూర్తిగా చదివి, అందులో మీరు ఏ పని చేయగలరో ఒక పేజీలో రాసి పంపండి. జవాబు రాకపోతే ఇంకొకరికి రాయండి. తెలుగు, కన్నడ రెండూ ధారాళంగా మాట్లాడతానని ఆ పేజీలో మొదటి వరుసల్లోనే చెప్పండి.