కీళ్ల నొప్పికి కీబోర్డు మారిస్తే చాలా?

కంప్యూటర్ ముందు రోజూ ఏడెనిమిది గంటలు కూర్చునేవారిలో చాలామంది మణికట్టు కీలు నొప్పిగా ఉందంటారు. నిజానికి ఆ నొప్పి అన్నిసార్లూ కీలులోది కాదు. మణికట్టు లోపలివైపు, చిన్న ఎముకలకూ ఒక గట్టి పట్టీకీ మధ్య సొరంగం లాంటి ఇరుకు దారి ఉంటుంది. వేళ్లను ముడిచే 9 స్నాయువులు, వాటితోపాటు మీడియన్ నరం ఆ దారిగుండానే అరచేతిలోకి వెళతాయి. చెయ్యి తిన్నగా ఉన్నప్పుడు అక్కడ పీడనం తక్కువ. మణికట్టును పైకి ఎత్తినా, పక్కకు వంచినా అది పెరుగుతుంది. సుమారు 30 మిల్లీమీటర్ల పాదరస మట్టం దాటి అలాగే నిలిస్తే నరానికి రక్తప్రసారం మందగిస్తుంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కడం అందుకు గుర్తు.

ఎర్గోనామిక్ పేరుతో అమ్మే కీబోర్డులు, మౌస్‌లలో చాలావాటి ఉద్దేశం ఈ వంపులను తగ్గించడమే. మామూలు కీబోర్డులో అక్షరాల వరుస 1870ల నాటి టైప్‌రైటర్ నుంచి వచ్చింది. భుజాల వెడల్పుతో పోలిస్తే ఆ భాగం ఇరుకు. దాంతో ముంజేతులు లోపలికి వచ్చి, అరచేతులు చిటికెన వేలి వైపు వంగుతాయి. మధ్యలో రెండుగా విడిన కీబోర్డు ఈ వంపును సరిచేస్తుంది. 1994లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన నేచురల్ కీబోర్డు ఆ కోవలోదే. చేతినొప్పి ఉన్న 80 మంది కంప్యూటర్ వాడకందారులకు రకరకాల కీబోర్డులు ఇచ్చి చేసిన అధ్యయనం 1999లో వెలువడింది. నేచురల్ కీబోర్డు వాడినవారిలో నొప్పి తగ్గుముఖం పట్టింది, కానీ అది కనిపించడానికి ఆరు నెలలు పట్టింది. వారం రోజులు వాడి, లాభం లేదని అటకెక్కించేవారు గమనించాల్సిన సంగతి ఇది.

కరచాలనం చేస్తున్నట్టు పట్టుకునే నిలువు మౌస్ కథ వేరు. మణికట్టు సొరంగంలో నరం నొక్కుకుపోయే జబ్బు ఉన్నవారిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. ఈ మౌస్‌తో చెయ్యి పక్కకు వంగడం తగ్గింది, లోపలి పీడనం మాత్రం తగ్గలేదు. చెయ్యి చూడ్డానికి తిన్నగా ఉన్నంత మాత్రాన నరానికి ఊరట దొరికినట్టు కాదన్నమాట. 2018 నాటి కోక్రేన్ సమీక్ష కూడా ఆచితూచే మాట్లాడింది. ముంజేతికి ఆనిక, దానితోపాటు వేరే రకం మౌస్ కలిపి వాడితే మెడ, భుజాల ఇబ్బందులు రాకుండా కొంత కాపాడవచ్చని తేల్చింది. మిగతా పరికరాల విషయంలో గట్టి ఆధారాలు దొరకలేదు.

కాబట్టి ఖర్చు పెట్టేముందు నొప్పి ఎక్కడో చూసుకోవాలి. బొటనవేలి మొదట్లో కీలు అరిగినవారు బొటనవేలితోనే తిప్పే ట్రాక్‌బాల్ కొంటే ఉన్న నొప్పి పెరగవచ్చు. కుడి భుజం లాగుతుంటే అంకెల మీటలు లేని చిన్న కీబోర్డు మేలు, మౌస్ దగ్గరికి వస్తుంది. మణికట్టు నొప్పికి ముందుగా చేయాల్సిన పనికి పైసా ఖర్చు లేదు: కీబోర్డు వెనక ఉన్న బుల్లి కాళ్లను మడిచేయడం. అవి లేచి ఉంటే మణికట్టు పైకి వంగుతుంది. ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద పనిచేసేవారికి బల్ల సాధారణంగా ఎత్తు ఎక్కువే. మోచేతులు కీబోర్డు ఎత్తుకు వచ్చేలా కుర్చీలో దిండు వేసుకుని, పాదాల కింద పీట పెట్టుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో తెర, మీటలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. మెడను కాపాడితే చేతులకు, చేతులను కాపాడితే మెడకు కష్టం. విడి కీబోర్డు పెట్టుకుని ల్యాప్‌టాప్‌ను నాలుగు పుస్తకాల మీద ఎత్తితే ఈ చిక్కు తీరుతుంది.

కీళ్లు వాచినా, పొద్దున్నే అరగంటకు మించి బిగుసుకుపోతున్నా, రాత్రి తిమ్మిరితో మెలకువ వస్తున్నా డాక్టరును కలవాలి. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను ఏ కీబోర్డూ నయం చేయదు, మందులు వాడాల్సిందే. అయితే అలాంటివారికి పని తేలిక చేసే సదుపాయాలు కంప్యూటర్లోనే ఉన్నాయి. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగు టైపు చేసేటప్పుడు ఒత్తక్షరాలకూ విడి అచ్చులకూ షిఫ్ట్ మీటను పట్టుకుని ఉంచాలి, ఆ భారం చిటికెన వేలిదే. విండోస్‌లో షిఫ్ట్‌ను వరసగా ఐదుసార్లు నొక్కితే స్టికీ కీస్ కావాలా అని అడుగుతుంది. ఒప్పుకుంటే రెండు మీటలను ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి, ఒక్క వేలితోనే నొక్కవచ్చు.